మౌన శిబిరానికి మళ్లీ వెళ్లేవారికి

మొదటిసారి మౌన ధ్యాన శిబిరానికి వెళ్లేవారికి సలహాలకు కొదవ లేదు. రెండోసారి వెళ్లేవారికి మాత్రం ఎవరూ పెద్దగా ఏమీ చెప్పరు. ఒకసారి పది రోజులు పూర్తిచేసి వచ్చారు గనుక అంతా తెలిసే ఉంటుందని చుట్టూ ఉన్నవారు అనుకుంటారు. వెళ్లేవారూ అదే అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని వెళ్లాను. మొదటి శిబిరంలో ఏడో రోజు మధ్యాహ్నం ఒక గంటసేపు శరీరంలోని బరువూ నొప్పీ కరిగిపోయి, తల నుంచి పాదాల దాకా సన్నని ప్రకంపన తప్ప మరేమీ లేనట్టుగా అనిపించింది. రెండో శిబిరంలో దాదాపు సగం రోజులు ఆ గంట కోసమే వెతుక్కుంటూ కూర్చున్నాను. మోకాళ్ల నొప్పి, నిద్ర, విసుగు మొదటిసారి కంటే ఎక్కువేమీ కాకపోయినా, వాటిని చూసే తీరు వంకర అయినందువల్ల ఆ శిబిరం నాకు ఎంతో కష్టమైంది. అందుకే మళ్లీ వెళ్లేవారు సర్దుకోవలసిన సామానులో మొదటిది మొదటి శిబిరపు జ్ఞాపకమే అని నమ్ముతున్నాను. కింద రాసినదంతా ఏదో ఒక రకంగా ఆ జ్ఞాపకంతో ఎలా వ్యవహరించాలన్న దాని గురించే.

నేను ప్రధానంగా సత్యనారాయణ గోయెంకా నేర్పిన పది రోజుల విపశ్యన (శరీరం మీది సంవేదనలను తల నుంచి పాదాల దాకా సమభావంతో గమనించే ధ్యానం) శిబిరాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆయన బర్మాలో ధ్యాన గురువు సయాజీ ఊ బా ఖిన్ దగ్గర 1955 నుంచి సాధన నేర్చుకుని, 1969లో భారతదేశంలో శిబిరాలు మొదలుపెట్టారు. ఇవాళ అవే నియమాలతో, అదే దినచర్యతో అనేక దేశాల్లో ఈ శిబిరాలు జరుగుతున్నాయి. బర్మా బౌద్ధ భిక్షువు మహాసి సయాడో సంప్రదాయంలోనో, జెన్ బౌద్ధ సంప్రదాయంలోనో మౌన శిబిరం చేసినవారికి దినచర్య వేరుగా ఉంటుంది గాని, తిరిగి వెళ్లడంలోని చిక్కులు చాలావరకు ఇవే.

ముందు తేల్చుకోవలసిన విషయం

దరఖాస్తు నింపడానికి ముందు, ఎందుకు వెళ్తున్నారో ఒకే వాక్యంలో కాగితం మీద రాసుకోండి. దాన్ని వారం రోజులు పక్కన పెట్టి, తరువాత మళ్లీ చదవండి. పోయినసారి కలిగిన ప్రశాంతత మళ్లీ కావాలని రాసి ఉంటే ఆ కోరికలో తప్పేమీ లేదు, కాని శిబిరం మీకు ఆ వస్తువును అందిస్తుందన్న హామీ ఎక్కడా లేదు. ఇంట్లోనో ఉద్యోగంలోనో తెమలని తగవు నుంచి పది రోజులు దూరంగా ఉండాలని రాసి ఉంటే, ఆ తగవు మీతోపాటు ధ్యాన మందిరంలోకి వస్తుందని, అక్కడ దాన్ని మరిపించే పని ఏదీ ఉండదని ముందే గుర్తించడం మంచిది. సాధన తప్పిపోయింది, మళ్లీ పట్టు చిక్కించుకోవాలి అని రాసి ఉంటే, నా దృష్టిలో అంతకంటే సరైన కారణం లేదు.

వాయిదా వేసుకోవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. దగ్గరివారిని ఇటీవలే పోగొట్టుకున్నప్పుడు, వారాల తరబడి నిద్ర సరిగా పట్టనప్పుడు, మానసిక చికిత్సకు సంబంధించిన మందులు ఈమధ్యే మారినప్పుడు పది రోజుల మౌనం భారమయ్యే అవకాశం ఎక్కువ. దీర్ఘకాలం ధ్యానం చేసినవారిలో కొందరికి భయం, నిద్రలేమి, ఇంద్రియానుభవంలో మార్పులు, తాను వేరు ప్రపంచం వేరు అన్నట్టుండే విడివడిన భావం వంటివి ఎదురయ్యాయని జారెడ్ లిండాల్, విలోబీ బ్రిటన్ తదితర పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో వివరంగా నమోదు చేశారు. మొదటి శిబిరం తరువాత మీకు అలాంటివేమైనా కలిగి కొన్ని వారాలపాటు నిలిచి ఉంటే, ఆ మాట ముందుగా మీ వైద్యునికీ, తరువాత శిబిర ఆచార్యులకూ చెప్పకుండా మళ్లీ వెళ్లకండి. ఇది నేను గట్టిగా చెబుతున్న మాట.

మధ్యకాలం

ఈ సంప్రదాయంలో పాత సాధకులు, అంటే ఒక శిబిరమైనా పూర్తిచేసినవారు, ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోవాలని చెబుతారు. ఇది అందరికీ నెలలపాటు సాగదన్నది చాలామంది అనుభవం. మొదట సాయంత్రపు గంట జారిపోతుంది, తరువాత ఉదయపు గంట అరగంట అవుతుంది, ఆ తరువాత పండుగో ప్రయాణమో వచ్చి అదీ ఆగిపోతుంది. అలా ఆగిపోయినంత మాత్రాన తిరిగి వెళ్లే అర్హత పోదు. కాని ఏడాది పాటు ఆసనం మీద కూర్చోని మనిషి ఒక్కసారిగా రోజుకు పది గంటలకు పైగా కూర్చుంటే మొదటి మూడు రోజులు శరీరంతో పోరాటానికే సరిపోతాయి. కాబట్టి కనీసం ఆరు వారాల ముందు నుంచి మళ్లీ కూర్చోవడం మొదలుపెట్టండి: మొదటి రెండు వారాలు పూటకు ఇరవై నిమిషాలు, తరువాత నలభై, చివరి రెండు వారాలు వీలైతే పూర్తి గంట. మనసు మరీ చెదిరి ఉన్నప్పుడు శరీరం మీది సంవేదనల జోలికి వెళ్లకుండా, ముక్కు రంధ్రాల దగ్గర వచ్చిపోయే సహజమైన శ్వాసను గమనించే ఆనాపానసతితోనే సరిపెట్టుకోవచ్చు. పాత సాధకుల కోసం ఒక రోజు శిబిరాలు కూడా జరుగుతుంటాయి. పెద్ద శిబిరానికి నెల ముందు అలాంటిది ఒకటి చేస్తే మీ స్థితి ఏమిటో నిజాయితీగా తెలుస్తుంది.

దరఖాస్తులో పాత సాధకులను మొదటి శిబిరం ఎప్పుడు, ఎక్కడ చేశారు, ఆ తరువాత సాధన ఎలా సాగుతోంది, వేరే పద్ధతులేమైనా అభ్యసించారా అని అడుగుతారు. చిన్నతనంగా అనిపించి చాలామంది ఇక్కడ కొంచెం పెంచి రాస్తారు. అలా రాయకండి. ఆచార్యులు మీకు చెప్పే సలహా మీరు రాసిన దాని మీదే ఆధారపడుతుంది, లేని సాధనను ఉన్నట్టు చూపితే లేని మనిషికి సలహా దొరుకుతుంది. మందులు వాడుతుంటే వాటి పేర్లు, మోతాదు రాయండి.

ఈసారి వేరే సంప్రదాయపు శిబిరాన్ని ఎంచుకునేవారికి ఒక మాట. మహాసి పద్ధతిలో ఉదరం పైకి లేవడం, కిందికి దిగడం గమనిస్తూ, ఆ క్షణంలో జరుగుతున్న దాన్ని మనసులో పేరు పెట్టి గుర్తిస్తారు. కూర్చునే ధ్యానంతో పాటు నడిచే ధ్యానానికి కూడా దాదాపు సమానమైన స్థానం ఉంటుంది. గోయెంకా శిబిరం చేసి వచ్చినవారు అక్కడ కూడా తల నుంచి పాదాల దాకా దృష్టిని తిప్పడానికి ప్రయత్నిస్తే రెండూ చెడతాయి. ఏ పద్ధతి గొప్పదన్న ప్రశ్నను శిబిరం ముగిసేదాకా పక్కన పెట్టి, ఉన్నన్నాళ్లు అక్కడి బోధననే అనుసరించండి.

శరీరాన్ని సిద్ధం చేయడం

పది రోజుల శిబిరంలో కొత్త సాధకులు పంచశీలాలు అనే ఐదు నైతిక నియమాలు పాటిస్తే, పాత సాధకులు అష్టశీలాలు పాటించాలి. ఆచరణలో మీకు మొదట తెలిసే తేడా ఆరో శీలం: మధ్యాహ్నం తరువాత ఆహారం ఉండదు. సాయంత్రం ఐదు గంటలకు కొత్తవారు పండ్లు, పాలు కలిపిన టీ తీసుకుంటుంటే మీకు నిమ్మరసం కలిపిన నీళ్లు మాత్రమే ఉంటాయి. దీనికి సిద్ధపడకుండా వెళ్లినవారు పదకొండు గంటల భోజనంలో అవసరానికి మించి తినేసి, మధ్యాహ్నపు గంటలన్నీ మత్తుగా గడుపుతారు. ఇంటి దగ్గర ఉన్నప్పుడే పది పదిహేను రోజులపాటు రాత్రి భోజనాన్ని కొంచెం కొంచెంగా ముందుకు జరిపి, పరిమాణం తగ్గించుకుంటూ రండి. మూడు నాలుగు రోజుల్లో సాయంత్రపు ఆకలి చాలావరకు ఆకలి కాదు, అలవాటు అని మీకే తెలుస్తుంది. గర్భిణులు, మధుమేహం ఉన్నవారు, వేళకు ఆహారంతో కలిపి మందులు తీసుకోవలసినవారు ఈ విషయాన్ని దరఖాస్తులోనే చెప్పి సడలింపు అడగాలి. అది ఇస్తారు, అడగడంలో లోటేమీ లేదు.

కాఫీ, టీ ఎక్కువగా తాగే అలవాటు ఉంటే అది కూడా ముందే తగ్గించుకోండి. కెఫిన్ ఒక్కసారిగా మానేసినవారికి పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో తలనొప్పి మొదలై, మొదటి రెండు రోజుల్లో తీవ్రమై, కొందరికి వారం దాకా ఉంటుంది. ధ్యానం వల్ల తలనొప్పి వచ్చిందని భయపడేవారిలో కొందరికి అసలు కారణం ఇదే. నిద్ర విషయమూ అంతే: శిబిరంలో ఉదయం నాలుగు గంటలకు గంట మోగుతుంది, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పుతారు. చివరి వారంలో రోజుకు పావుగంట చొప్పున ముందు పడుకుని ముందు లేవడం అలవాటు చేసుకుంటే, నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా సాగే మొదటి కూర్చోవడం కునికిపాట్లలో పోకుండా ఉంటుంది.

ఆసనం గురించి మొదటి శిబిరం మీకు నేర్పిన దాన్ని వాడుకోండి. అప్పుడు ఎత్తు సరిపోక ఇబ్బంది పడి ఉంటే ఈసారి మీకు సరిపడే దిండ్లు లేదా చిన్న పీట తీసుకువెళ్లండి. మోకాలికి గాయమో అరుగుదలో ఉంటే కుర్చీ అడగండి. పాత సాధకులు కుర్చీలో కూర్చుంటే చిన్నతనమన్న భావన కొందరిలో ఉంటుంది. సాధన జరిగేది మనసులో గనుక ఆ భావనకు ఆధారం లేదు. లేచిన కొద్ది నిమిషాల్లో పోయే తిమ్మిరినీ, నొప్పినీ సమభావంతో చూడవచ్చు. లేచి నడిచినా తగ్గకుండా కీలులో గుచ్చుతున్నట్టు ఉండే నొప్పి మాత్రం ఓర్చుకోవలసినది కాదు, ఆసనం మార్చుకోవలసినది.

ఇంటి పనుల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫోన్ అప్పగించాక ఎవరి గురించి ఆందోళన పడతారో వారికి శిబిరం కార్యాలయపు నంబరు ఇవ్వండి, గడువు ఉన్న చెల్లింపులు ముందే ముగించండి, శిబిరం ముగిసే పదకొండో రోజున ఏ పనీ పెట్టుకోకండి.

శిబిరంలో

మొదటి మూడు రోజులు శ్వాస మీదే గడుస్తాయి. మొదటిసారి వచ్చినవారికి ఈ రోజులు కొత్తదనంతో గడుస్తాయి. మీకు మాత్రం ఇవి నాలుగో రోజు కోసం ఎదురుచూసే రోజులుగా మారే ప్రమాదం ఉంది. నాలుగో రోజు విపశ్యన మొదలవుతుందని, ఆపైన రోజుకు మూడుసార్లు కళ్లు తెరవకుండా, చేతులూ కాళ్లూ కదపకుండా గంటసేపు కూర్చునే అధిష్ఠాన సాధన ఉంటుందని మీకు తెలుసు గనుక, మనసు అక్కడికి ముందే పరుగెత్తుతుంది. కాని ముక్కు కింద, పై పెదవి మీద ఉన్న ఆ చిన్న స్థలంలో దృష్టి ఎంత సూక్ష్మమైతే తరువాతి ఏడు రోజులు అంత స్పష్టంగా ఉంటాయి. రెండో శిబిరంలో నేను నిర్లక్ష్యం చేసినది ఈ మూడు రోజులనే. మూడో శిబిరంలో సూచనలను మొదటిసారి వింటున్నట్టుగా ప్రతి మాటా విని, చెప్పింది మాత్రమే చేశాను. తేడా నాలుగో రోజు సాయంత్రానికే తెలిసింది.

పోలిక ఎలాగూ వస్తుంది. "పోయినసారి ఈపాటికి శరీరమంతా తెలిసింది, ఇప్పుడు భుజాల దగ్గరే ఆగిపోయాను" అన్న ఆలోచన వచ్చినప్పుడు దానితో వాదించకండి. అది జ్ఞాపకమని గుర్తించి, ఆ క్షణంలో భుజం దగ్గర నిజంగా ఏమి ఉందో చూడండి: బిగుతా, వేడా, బరువా, ఏమీ తెలియకపోవడమా. ఏమీ తెలియని చోట ఒకటి రెండు నిమిషాలు ప్రశాంతంగా ఆగి, అప్పటికీ తెలియకపోతే ముందుకు సాగండి. పాత అనుభవం కోసం వెతకడం ఎందుకు హాని చేస్తుందో ఈ సాధన సిద్ధాంతమే చెబుతుంది. సుఖ సంవేదన పట్ల రాగం, దుఃఖ సంవేదన పట్ల ద్వేషం అనే ప్రతిక్రియల అలవాటును సడలించడానికే ఇక్కడ కూర్చుంటున్నాం. ప్రకంపనను కోరుకుంటూ కూర్చుంటే, తొలగించుకోవడానికి వచ్చిన రాగాన్నే రోజుకు పది గంటలు అభ్యాసం చేసినట్టవుతుంది. ఈ విషయం నాకు ప్రవచనంలో విన్నప్పుడు అర్థమైందనిపించింది. నిజంగా అర్థమైంది రెండో శిబిరం తొమ్మిదో రోజున, ఇక ఆ గంట రాదని మనసు ఒప్పుకుని ఆశ వదిలిన పూట. అప్పుడు కూడా ప్రకంపన రాలేదు. వీపులో మొద్దుబారిన నొప్పే ఉంది, దాన్ని గంటసేపు విసుగు లేకుండా చూడగలిగాను.

పాత సాధకులను సాధారణంగా ముందు వరుసల్లో కూర్చోబెడతారు. వెనక ఉన్నవారు చూస్తున్నారన్న ఊహతో కదలకుండా కూర్చోవడం దీనివల్ల వచ్చే ఒక చిన్న ఉచ్చు. పక్కవారిని అంచనా వేయడం, ఎవరు ఎన్ని శిబిరాలు చేసి ఉంటారో ఊహించడం మరొకటి. సొంత ప్రయోగాలు అన్నిటికంటే పెద్ద ఉచ్చు: పద్ధతి తెలుసు గనుక దాన్ని మెరుగుపరచవచ్చన్న ఆలోచన ఐదో రోజుకల్లా వస్తుంది, ఒక మంత్రం కలపాలనో, కాంతిని ఊహించాలనో అనిపిస్తుంది. సందేహం ఉంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట మధ్య ఆచార్యులను కలవండి. ఆ కొద్ది నిమిషాలను అనుభవాల వర్ణనకు ఖర్చు చేయకుండా, సాధనలో ఎక్కడ చిక్కుకున్నారో రెండు వాక్యాల్లో చెప్పి, ఏమి చేయాలని అడగండి. నా ప్రశ్న ఎప్పుడూ చాలా పెద్దదిగా మొదలై, ఆచార్యుల ఎదుట కూర్చునేసరికి ఒక్క వాక్యానికి కుదించుకుపోయేది. ఆ ఒక్క వాక్యానికే జవాబు అవసరమయ్యేది.

రెండో రోజు, ఆరో రోజు కష్టంగా ఉంటాయని ఈ శిబిరాల్లో తరచూ చెబుతారు. మళ్లీ వచ్చినవారికి వెళ్లిపోవాలన్న కోరిక భయం రూపంలో కాకుండా, "ఇదంతా ఒకసారి పూర్తిచేశాను గదా, మళ్లీ నిరూపించుకోవలసిందేముంది" అన్న సమంజసమైన మాట రూపంలో వస్తుంది. అలాంటప్పుడు నిర్ణయాన్ని మరుసటి రోజు మధ్యాహ్నానికి వాయిదా వేసి, ఆ ఒక్క గంట కూర్చోండి. రెండు రాత్రులు అసలు నిద్ర లేకుండా భయం పెరుగుతూ ఉంటే, చుట్టూ ఉన్నది నిజం కాదన్న భావం వదలకపోతే మాత్రం వాయిదా వేయవద్దు. వెంటనే ధర్మసేవకులకు (శిబిరంలో స్వచ్ఛందంగా సేవ చేసే సాధకులకు) చెప్పి ఆచార్యులను కలవండి. ఆర్యమౌనం అనే ఈ మౌన నియమం తోటి సాధకులతోనే గాని, అవసరమైనప్పుడు సేవకులతోనూ ఆచార్యులతోనూ మాట్లాడడానికి ఏ అడ్డూ లేదు.

సాయంత్రం ప్రవచనాలు మీరు విన్నవే. కథలు గుర్తున్నాయి గనుక ముందే నవ్వు వస్తుంది, లేదా మనసు ఎటో వెళ్లిపోతుంది. నేను చేసేదేమిటంటే, ఆ రోజు నాకు నిజంగా ఎదురైన ఇబ్బందికి సంబంధించిన మాట ఎక్కడ వస్తుందా అని వినడం. దాదాపు ప్రతి సాయంత్రం ఒకటి దొరికింది.

పదో రోజు, ఆ తరువాత

పదో రోజు ఉదయం అందరి మేలూ కోరే మైత్రీ భావన నేర్పిన తరువాత మౌనం విడుస్తారు. ఎవరికి ఏమి కలిగిందన్న మాటలు వెల్లువలా మొదలవుతాయి. కొత్తవారు తమ అనుభవం సరైనదేనా అని పాత సాధకులను అడుగుతారు; ఆచార్యుల పని మీరు తీసుకోకుండా, వారిని ఆచార్యుల దగ్గరికే పంపండి. మీ అనుభవాన్ని ఆ పూటంతా చెప్పకుండా ఉండగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే నలుగురికి చెప్పిన అనుభవం కథగా గట్టిపడి, తదుపరి శిబిరంలో మీ ఎదుట మళ్లీ కూర్చుంటుంది. ఈ శిబిరాలకు రుసుము ఉండదు, శిబిరం పూర్తిచేసినవారి దానంతోనే నడుస్తాయి. పోయినసారి ఎంత ఇచ్చారో చూసుకోకుండా ఇప్పటి మీ శక్తి మేరకు, ఇష్టపూర్వకంగా ఇవ్వండి.

ఇంటికి వచ్చాక రెండు వారాల దాకా ఉద్యోగం, పెళ్లి, ఆస్తి వంటి పెద్ద విషయాల్లో నిర్ణయాలు తీసుకోకండి. ఆ రోజుల్లో అన్నీ తేటగా కనిపిస్తాయి, ఆ తేటదనం నిజమే, కాని దాన్ని మామూలు రోజుల సందడిలో ఒకసారి పరీక్షించి చూడాలి. ఇంట్లోవారితో శిబిరం గురించి వారు అడిగినంతే చెప్పండి.

మళ్లీ ఎప్పుడు అన్న ప్రశ్నకు నా అభిప్రాయం: ఏడాదికి ఒకటి చాలు, మధ్యలో రోజువారీ సాధన ఉంటే. దానికి బదులు ఒకసారి ధర్మసేవకు వెళ్లడం గురించి ఆలోచించండి. సేవలో ఉన్నవారు వంటగదిలోనో మందిరంలోనో పనిచేస్తూ రోజుకు మూడు సామూహిక సాధనల్లో కూర్చుంటారు. వేళ మించిపోతోందని అందరూ హడావుడి పడుతున్న వంటగదిలో సమభావం ఎంత మిగిలిందో చూసుకోవడం మందిరంలో కంటే తేలిక. మూడు పది రోజుల శిబిరాలు పూర్తిచేసి, రోజూ సాధన చేస్తున్నవారు సతిపట్ఠాన సుత్తం (ఎరుక సాధన గురించిన బుద్ధుని బోధ) ఆధారంగా జరిగే శిబిరానికి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

చివరగా, బయలుదేరే రోజు ఉదయమే చేసి వెళ్లవలసిన పని ఒకటుంది. ఇంట్లో మీరు కూర్చునే చోటు ఊడ్చి, ఆసనం పరిచి, పక్కన గడియారం పెట్టి వెళ్లండి. పదకొండో రోజు సాయంత్రం ప్రయాణపు బడలికతో, ఇరవై మంది మాట్లాడిన మాటలు చెవుల్లో మోగుతుండగా ఇంటికి చేరతారు. అప్పుడు ఆసనం వెతికి పరుచుకునే ఓపిక ఉండదు. పరిచి ఉంటే కూర్చుంటారు.